ఆలస్యం అమృతం విషం

ఈమధ్య ఒక పెళ్ళిలో భోజనాల వరుసలో నా ప్రక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నారు. సాఫ్ట్‌వేరు సంస్థలో పెద్ద ఉద్యోగమట. మాటల సందర్భంలో నేను డివైస్ డ్రైవర్ల ప్రసక్తి తెచ్చేసరికి ఆయన విస్తరిలోనుంచి తలెత్తి, "మాస్టారూ, మీరు హాయిగా పద్యాల గురించి వ్రాసుకోండి. కెర్నెల్ లోపలి గొడవలు మీకెందుకు?" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. భోజనాల దగ్గర వాదులాట మర్యాద కాదు కాబట్టి నేను పులుసు కలుపుకుంటూ ఊరుకున్నాను. ఇక్కడ ఆ మర్యాద అడ్డు లేదు. సమాధానం వ్రాస్తున్నాను.

ముందుగా నా అర్హత చెప్పుకోవాలి. నాకు ప్రోగ్రాము వ్రాయడం రాదు. ముప్పైనాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. పండిత శిక్షణలో నాకు నేర్పినది ఒక్కటే విద్య: వాక్యం ముందుంటే కర్త ఎవరు, క్రియ ఏది, ఏది ముందు జరిగింది, ఏది వెనుక జరిగింది అని అడగడం. ఈ వివాదమంతా ఆ చివరి ప్రశ్న మీదనే నిలిచి ఉంది. "ఏది ముందు, ఏది వెనుక?" అని అడగడం మరచిపోయినవారు ఇంజనీర్లైనా సరే, నా దగ్గర మళ్ళీ ఎనిమిదో తరగతిలో కూర్చోవలసిందే.

ఇక అసలు సంగతి. నా పూర్వవిద్యార్థి ఒకడు ఒక సంస్థలో డ్రైవర్లు వ్రాస్తాడు. బస్సులు నడిపే డ్రైవరు కాదు. కంప్యూటరుకు తగిలించిన పరికరానికీ లోపలి కెర్నెల్‌కూ మధ్య దుబాసీగా పనిచేసే ప్రోగ్రాము. వాళ్ళ సంస్థ చేసేది ఆసుపత్రిలో రోగి మంచం ప్రక్కన ఉండే పరికరం. వ్రేలికి తగిలిస్తే రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో తెర మీద అంకెగా చూపుతుంది. వేర్వేరు ఊళ్ళలోని ఆసుపత్రులనుంచి ఒకే ఫిర్యాదు మూడుసార్లు వచ్చింది: "అప్పుడప్పుడు అంకె కదలడం లేదు. ఆపి మళ్ళీ వేస్తే బాగవుతున్నది."

ఈ రెండు వాక్యాలను నెమ్మదిగా చదవండి. తెర ఆరిపోలేదు. ఎర్రదీపం వెలగలేదు. తొంభై ఏడు అన్న అంకె చక్కగా కనబడుతూనే ఉంది. అది పది నిమిషాల క్రిందటి తొంభై ఏడు. ఇప్పుడెంత ఉన్నదో ఆ పరికరానికి తెలియదు, తనకు తెలియదన్న సంగతీ తెలియదు. నర్సు వచ్చి చూసి, బాగుందనుకొని వెళ్ళిపోతుంది.

మావాడు రాత్రింబగళ్ళు కూర్చున్నాడు. పరీక్షాగదిలో ఆ దోషం ఒక్కసారి కూడా కనబడలేదు. పై అధికారి, "పునరావృతం కాలేదు కదా, ఏదో కాలయాపనకు సంబంధించిన లోపమై ఉంటుంది, మధ్యలో పది మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టెయ్యి, సంతకం చేసి పంపించు" అన్నాడు. పెట్టి చూశారు. ఫిర్యాదులు ఆగిపోయాయి. అందరూ సంతోషించారు, మావాడు తప్ప. వాడు పండుగకు ఊరికి వచ్చి మా అరుగు మీద కూర్చొని, "మాస్టారూ, సంతకం పెట్టమంటారా?" అని అడిగాడు.

"ముందు ఆ దోషమేమిటో తెలుగులో చెప్పు నాయనా. చెప్పలేకపోతే అది నీకే పూర్తిగా తెలియలేదన్నమాట" అన్నాను. ఇరవయ్యేళ్ళ క్రిందట తరగతిలో అన్నమాటే. వాడు చెప్పాడు. దానిని నా మాటల్లో పెడుతున్నాను.

డ్రైవరు సెన్సారుకు "కొలత తియ్యి" అని ఆజ్ఞ ఇస్తుంది. సెన్సారు పని ముగించగానే ప్రాసెసరును తట్టి లేపుతుంది. దానిని ఇంటరప్ట్ అంటారు. ఈలోగా డ్రైవరు ఊరికే కూర్చుంటే ప్రాసెసరు సమయం వృథా. కాబట్టి అది "పని అయిందా?" అని ఒక గుర్తును చూస్తుంది, కాకపోతే నిద్రపోతుంది. నిద్రపోవడమంటే తన వంతు వదులుకొని, షెడ్యూలర్‌తో "నన్ను లేపేదాకా నాకు వంతు ఇవ్వవద్దు" అని చెప్పుకోవడం. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఆ గుర్తు పెట్టి, నిద్రపోతున్నవారిని లేపుతుంది. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంది.

ఇప్పుడు మా ఊరి బస్టాండుకు రండి. ఒక ముసలాయన బస్సుకోసం వచ్చాడు. రోడ్డు వంక చూశాడు, బస్సు లేదు. వెనుదిరిగి, తుండు పరచుకొని బల్లమీద పడుకోబోతున్నాడు. ఆయన వెనుదిరిగిన తరువాత, కన్ను మూయకముందు, ఆ రెండు క్షణాల మధ్య బస్సు వచ్చింది. కండక్టరు "నిద్రపోతున్నవారెవరైనా ఉంటే లేవండి" అని కేకవేశాడు. అప్పటికింకా ఎవరూ నిద్రపోలేదు కాబట్టి లేపవలసినవారెవరూ అతనికి కనబడలేదు. బస్సు వెళ్ళిపోయింది. ముసలాయన పడుకొన్నాడు. ఆ రోజుకు అదే చివరి బస్సు. ఆయనను లేపేవాడు ఇక రాడు.

మావాడి డ్రైవరులో జరిగినది అక్షరాలా ఇదే. గుర్తు చూడడానికీ నిద్రపోవడానికీ నడుమ ఒక సన్నని సందు ఉంది. ఆ సందులో ఇంటరప్ట్ వస్తే లేపుడు వ్యర్థమవుతుంది. ఈ కొలత పూర్తయితేగాని తరువాతి ఆజ్ఞ వెళ్ళదు కాబట్టి మరో ఇంటరప్ట్ రాదు. డ్రైవరు శాశ్వతనిద్ర. తెర గీసే ప్రోగ్రాము వేరు, అది మేలుకొనే ఉంది. చేతిలో ఉన్న పాత అంకెనే మళ్ళీమళ్ళీ గీస్తున్నది. రెండు పనులలో ఏది ముందు జరుగుతుందన్నదానినిబట్టి ఫలితం మారిపోయే ఈ స్థితిని రేస్ కండిషన్ అంటారు. నేను పందెపు దోషమంటాను. ఇద్దరు పరుగెత్తుతున్నారు, ఎవరు గెలుస్తారన్న నియమం ఎవరూ వ్రాయలేదు.

ఇందులో షెడ్యూలర్ పాత్ర కూడా చెప్పాలి. ఆ సందు మామూలుగా మైక్రోసెకనులో కొంతభాగమే. కాని సరిగ్గా ఆ చోటనే షెడ్యూలర్ ఈ డ్రైవరును నిలిపివేసి, ఇంకో ముఖ్యమైన పనికి ప్రాసెసరును అప్పగించిందనుకోండి. అప్పుడు సూదిబెజ్జమంత సందు సింహద్వారమవుతుంది. షెడ్యూలర్‌ది తప్పు కాదు. ఎవరి వంతు ఎప్పుడో తేల్చడం దాని పని. "నన్ను ఇక్కడ ఆపదులే" అని డ్రైవరు వ్రాసినవాడు అనుకోవడమే తప్పు.

ఇప్పుడు పది మిల్లీసెకన్ల ఆలస్యం ఏమి చేసిందో చూడండి. ఆజ్ఞ ఇచ్చిన తరువాత డ్రైవరు పది మిల్లీసెకన్లు ఆగి, అప్పుడు గుర్తు చూస్తుంది. ఆ సెన్సారు మామూలుగా రెండు మూడు మిల్లీసెకన్లలో పని ముగిస్తుంది. కాబట్టి చూసేసరికే గుర్తు ఉంటుంది, నిద్రపోవలసిన అవసరమే రాదు. సందు మూసుకోలేదు, అటువైపు ఎవరూ నడవడం లేదు, అంతే. మరి ఎప్పుడు నడుస్తారు? సెన్సారుకు పది మిల్లీసెకన్లు పట్టినప్పుడు. దానికి అంతసేపు ఎప్పుడు పడుతుంది? రోగి వ్రేలు చల్లబడి, రక్తప్రసారం మందగించి, సంకేతం బలహీనమై, మళ్ళీమళ్ళీ ప్రయత్నించవలసి వచ్చినప్పుడు. అనగా రోగి స్థితి దిగజారుతున్న వేళ! బాగున్నవాడి దగ్గర ఈ పరికరం బాగా పనిచేస్తుంది. దీని అవసరం నిజంగా ఉన్నవాడి దగ్గర మొండికేస్తుంది. దీనిని "సవరణ" అని సంతకం పెట్టమన్నారు మావాణ్ణి.

ఆలస్యం అమృతం విషమని మన పెద్దలు ఊరికే అనలేదు.

నా వాదానికి ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలుసు. పెళ్ళిలో పెద్దమనిషీ అవే అన్నారు. ఒక్కొక్కటే తీసుకొంటాను.

మొదటిది: "పునరావృతం కాని దోషాన్ని దోషమనలేము." ఇంతకంటె ప్రమాదకరమైన వాక్యం ఈ వృత్తిలో మరొకటి ఉండదు. కెనడా అణుశక్తి సంస్థ తయారుచేసిన థెరాక్-25 అన్న కిరణచికిత్సా యంత్రం 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు కెనడాలోను అమెరికాలోను ఆరుగురికి మితిమీరిన మోతాదు ఇచ్చింది. వారిలో కొందరు దానివల్లనే మరణించారు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని టైలర్ అనే ఊళ్ళో 1986 మార్చి 21న ఒక ప్రమాదం జరిగింది. సంస్థవారు వచ్చి పరీక్షించారు. దోషం వాళ్ళకు కనబడలేదు. ఏప్రిల్ 7న యంత్రాన్ని మళ్ళీ వాడుకలో పెట్టారు. ఏప్రిల్ 11న, నాలుగే నాలుగు రోజులకు, అదే చోట ఇంకొక రోగికి అదే జరిగింది.

అప్పుడు కనిపెట్టినదెవరు? ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్తా, యంత్రం నడిపే ఉద్యోగినీ. ఇద్దరూ కూర్చొని, ఆమె ఆ రోజు ఏమేమి నొక్కిందో గుర్తుచేసుకొని, మళ్ళీమళ్ళీ నొక్కి చూశారు. రహస్యమంతా ఆమె చేతివేగంలో ఉంది. కిరణం రకాన్ని తెలుపవలసిన చోట ఒక అక్షరం తప్పు పడితే ఆమె వెంటనే పైకి వెళ్ళి దిద్ది క్రిందికి వచ్చేది. యంత్రం లోపల అయస్కాంతాలు కుదురుకోవడానికి సుమారు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపు దిద్దుబాటు జరిగితే ఒక ప్రక్రియ కొత్త విలువను, ఇంకొక ప్రక్రియ పాత విలువను పట్టుకొని పనిచేసేవి. కొత్తగా చేరినవాళ్ళు తడుముకొంటూ నొక్కితే ఏమీ జరగదు. పని బాగా వచ్చినవాళ్ళు నొక్కితేనే ప్రమాదం. దిద్దుబాటు వేగంగా చేయాలని చెప్పేదాకా సంస్థ ఇంజనీరుకు కూడా అది పునరావృతం కాలేదు. "పునరావృతం కాలేదు" అన్న మాటకు నిజమైన అర్థం "మేము నెమ్మదిగా నొక్కాము" అని మాత్రమే.

రెండవది: "వేల గంటలు పరీక్షించాము, ఏమీ కాలేదు." 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యభాగంలోను కెనడాలోను కలిపి సుమారు ఐదు కోట్లమందికి కరెంటు పోయింది. కొమ్మలు తగిలి లైన్లు పడిపోవడం మొదలైన కారణాలు చాలా ఉన్నాయి; కాదనను. కాని ఓహయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ సంస్థ నియంత్రణ గదిలో హెచ్చరికలిచ్చే ప్రోగ్రాము మధ్యాహ్నమే మూగబోయింది. హెచ్చరికలు లేవు కాబట్టి అంతా సవ్యంగా ఉందని అక్కడివాళ్ళు అనుకొన్నారు. తరువాత వారాల తరబడి ప్రోగ్రామును జల్లెడపట్టగా తేలినది పందెపు దోషం: రెండు ప్రక్రియలు ఒకే సమాచారంలో ఒకేసారి వ్రాయబోయాయి, ఆపైన ఆ ప్రోగ్రాము అంతులేని చుట్టు తిరుగుడులో పడింది. ఆ ప్రోగ్రాము అంతకుముందు వేర్వేరు చోట్ల మొత్తం ముప్పై లక్షల గంటలకు పైగా నడిచిందనీ, ఈ దోషం ఒక్కసారీ బయటపడలేదనీ తయారీదారులే చెప్పారు. మీ పరీక్షాగదిలో ఎన్ని గంటలు నడిపారు?

లెక్క కూడా చెబుతాను. తెలుగు మాస్టరుకు కూడా భాగహారం వస్తుంది. పది లక్షలసార్లలో ఒక్కసారి మాత్రమే తప్పే డ్రైవరు ఉన్నదనుకోండి. సెకనుకు పది కొలతలు తీస్తే, పది లక్షల కొలతలకు లక్ష సెకన్లు, అనగా దాదాపు ఇరవై ఎనిమిది గంటలు. పగలు ఎనిమిది గంటలు పరీక్షించేవాడికి అది చాలా రోజులు కనబడకుండా పోవచ్చు. అటువంటివి వెయ్యి పరికరాలు వెయ్యి మంచాల ప్రక్కన ఉంటే? సగటున ప్రతి వంద సెకన్లకు ఎక్కడో ఒకచోట ఒక అంకె ఆగిపోతుంది. "పది లక్షల్లో ఒకటి" అని భుజాలెగరేసేవారు ఈ గుణకారం చేసిన తరువాత మాట్లాడాలి.

మూడవది, కాస్త గౌరవించవలసిన మాట: "కనబడని దోషాన్ని దిద్దామని ఎలా ఋజువు చేస్తాము? ఎంతకాలం వెదుకుతాము?" ఇందులో న్యాయముంది. ఆ అధికారికీ పై అధికారులున్నారు, గడువులున్నాయి. కాని దీనికి జవాబిచ్చినవారు ఉన్నారు. 1997 జులై 4న అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక కొన్ని రోజులకే ఉండి ఉండి తనంతట తానే పునఃప్రారంభం కాసాగింది. అందులో వాతావరణం కొలిచే అల్పప్రాధాన్యపు పని ఒక తాళం పట్టుకొని ఉండగా, ఉన్నత ప్రాధాన్యం గల పని ఆ తాళంకోసం నిలబడింది. ఈలోగా మధ్యస్థ ప్రాధాన్యం గల సమాచార ప్రసార వ్యవస్థ పని వచ్చి, అల్పుణ్ణి ప్రక్కకు నెట్టి తాను నడిచింది. అల్పుడికి వంతు రాదు, తాళం వదలడు. రాజుగారు గుమ్మంలోనే నిలబడ్డారు. పెద్ద పని సకాలంలో కాలేదని కాపలా గడియారం వ్యవస్థనంతా పునఃప్రారంభించింది.

ఆ బృందంవారు దాచకుండా చెప్పిన సంగతి ఒకటి ఉంది: ఈ దోషం భూమి మీద ఉండగానే తొంగిచూసింది, వెదకబోతే మళ్ళీ కనబడలేదు, నౌకను దించే పనుల ఒత్తిడిలో అది వెనుకబడింది. అయినా వాళ్ళు చేసిన మంచిపని మరొకటుంది. ఏది ముందు ఏది వెనుక జరిగిందో నమోదుచేసే పరికరాలను ప్రోగ్రాములోనుంచి తీసివేయకుండా నౌకతోపాటు పంపారు. ఆ నమోదుల సాయంతోనే ప్రయోగశాలలోని నకలు యంత్రంమీద దోషాన్ని మళ్ళీ రప్పించి పట్టుకొన్నారు. విరుగుడు కూడా నియమరూపంలోనే ఉంది: తాళం పట్టుకొన్న అల్పుడికి, దానికోసం నిలబడ్డవాడి ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం. ఆ సవరణను అంగారకుడి మీదికి పంపించి దిద్దుకొన్నారు. గ్రహాంతరంలోని యంత్రాన్ని దిద్దగలిగిన మనుషులున్న లోకంలో, మన జిల్లా ఆసుపత్రిలో ఉన్న యంత్రాన్ని దిద్దలేమా?

ఆలస్యమంటే నాకు గుడ్డి ద్వేషం లేదని కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని పరికరాలకు "విద్యుత్తు ఇచ్చిన తరువాత ఇంతసేపు ఆగి మాట్లాడండి" అని తయారీదారుడే వ్రాసి ఇస్తాడు. అది నియమం, దానిని పాటించవలసిందే. ఎందుకు ఆగుతున్నామో, ఎంతసేపు ఆగాలో వ్రాతపూర్వకంగా ఉన్న నిరీక్షణ వేరు. కారణం తెలియక, పదైతే చాలునేమో అని పెట్టిన ఆలస్యం వేరు. మొదటిది వైద్యుడు చెప్పిన పథ్యం. రెండవది జ్వరం ఎందుకు వచ్చిందో తెలియక థర్మామీటరును చన్నీళ్ళలో ముంచడం.

మా వ్యాకరణంలో నిత్యమనీ వైకల్పికమనీ రెండు మాటలున్నాయి. ఉత్వసంధి నిత్యం, 'రాముడతడు' అనే తీరాలి. ఇత్వసంధి వైకల్పికం, 'ఏమంటివి' అన్నా 'ఏమియంటివి' అన్నా రెండూ సాధువులే. వైకల్పికం దోషం కాదు, ఎందుకంటే రెండు రూపాలనూ శాస్త్రం ముందుగానే చూసి ఒప్పుకొంది. పందెపు దోషం అటువంటిది కాదు. అక్కడ రెండు ఫలితాలు వస్తాయి. ఒకటి సాధువు, ఇంకొకటి ప్రాణాంతకం. ఏది రావాలో శాస్త్రం చెప్పలేదు, గాలికి వదిలేసింది. రెండు సూత్రాలు ఒకేచోట తలపడితే ఏది గెలవాలన్న దానికి కూడా పాణిని ఒక సూత్రం పెట్టాడు. మాటలు కలిసే చోట అంత జాగ్రత్త తీసుకొన్న జాతి, మనిషి ఊపిరిని కొలిచే చోట "ఏదో ఒకటి ముందు అవుతుందిలే" అనడం సిగ్గుచేటు.

ఇక సరైన మందు ఏమిటి? మళ్ళీ బస్టాండుకు వెళదాం. ముసలాయన ముందుగా టీకొట్టువాడి పలకమీద తన పేరు వ్రాయించాలి: "నేను నిద్రకు సిద్ధమవుతున్నాను, బస్సు వస్తే లేపు." పేరు వ్రాయించిన తరువాతే మరొకసారి రోడ్డువంక చూడాలి. అప్పటికే బస్సు వచ్చి ఉంటే కనబడుతుంది, ఎక్కుతాడు. చూసిన తరువాత వస్తే, పలకమీద పేరుంది కాబట్టి కండక్టరు ఆ పేరు కొట్టివేసి లేపుతాడు. పేరు కొట్టివేసి ఉంటే ముసలాయన ఇక పడుకోడు. ఇప్పుడు బస్సు ఏ క్షణంలో వచ్చినా తప్పిపోయే వీలు లేదు. కొత్త పనులేమీ చేర్చలేదు, క్రమం మార్చామంతే: చూసి నమోదు కావడానికి బదులు, నమోదై చూడడం. లినక్స్‌లో డ్రైవరు నిద్రపోవడానికి నేడున్న సక్రమమైన పద్ధతి ఇదే. ఈ సందును తనలోనే మోసుకొని తిరిగిన 'స్లీప్ ఆన్' అనే పాత పద్ధతి ప్రమాదకరమని తెలిసిన తరువాత కూడా ఏళ్ళ తరబడి బ్రతికి, చివరకు 2014లో కెర్నెల్‌నుంచి తొలగిపోయింది. తప్పని తెలియడానికీ తప్పు మానడానికీ నడుమ కూడా అంత సందు ఉంటుంది.

మావాడికి ఈ మందు తెలుసు. నాలుగు పంక్తుల మార్పు. కాని "దోషం అదేనని ఋజువేది?" అని అధికారి అడిగాడట. అరుగు మీద కూర్చొని మాట్లాడుతూ ఉండగా నేను ఒక తెలివితక్కువ ప్రశ్న వేశాను: "ఒరే నాయనా, సందు సన్ననిదై కనబడకపోతే, దానిని వెడల్పు చేసి చూడకూడదా?" వాడు ఒక్క క్షణం నావంక చూసి, "చెయ్యవచ్చు మాస్టారూ. ఆ పది మిల్లీసెకన్లనూ గుర్తు చూడకముందు కాక, చూసిన తరువాత, నిద్రకు ముందు పెడితే..." అని మాట సగంలో ఆపి లేచాడు. ఈ ఉపాయం నా సొత్తు కాదు. కెర్నెల్‌లో ఇటువంటి దోషాలను పట్టడానికి 2020లో చేరిన కె.సి.ఎస్.ఏ.ఎన్. అనే సాధనం కూడా ఒక ప్రక్రియను కావాలని కాసేపు నిలిపి, ఈలోగా ఇంకెవరైనా అదే సమాచారాన్ని ముట్టుకొంటారేమోనని కాపు కాస్తుందని వాడే తరువాత చెప్పాడు.

మరునాడు ఫోను చేశాడు. వారాల తరబడి ఒక్కసారీ కనబడని దోషం, ఆలస్యం ఆ చోట పెట్టగానే వేసిన ప్రతిసారీ కనబడిందట. క్రమం మార్చిన డ్రైవరులో అదే ఆలస్యం ఎక్కడ పెట్టినా అంకె ఆగలేదట. అవే పది మిల్లీసెకన్లు! ఒకచోట పెడితే దోషాన్ని దాచాయి, ఇంకొకచోట పెడితే పట్టి ఇచ్చాయి. విషం, అమృతం రెండూ ఒకే పాత్రలో ఉన్నాయి. ఎక్కడ పోయాలో తెలిసినవాడు వైద్యుడు.

కథ ఇక్కడితో సుఖాంతమైతే ఇంత పెద్ద టపా వ్రాసేవాణ్ణి కాదు. మావాడి సవరణను ఆ సంస్థ ఒప్పుకొంది, కొత్తగా తయారయ్యే పరికరాల్లో పెడుతున్నది. ఇప్పటికే ఆసుపత్రులకు వెళ్ళిన పరికరాలలో మాత్రం ఆ పాత ఆలస్యమే ఉంది. "ఫిర్యాదులు రావడం లేదు కదా, వాటినెందుకు కదపడం?" అంటున్నారట. ఆ పాత సవరణను మూసివేసే కాగితం మీద మావాడు ఇంకా సంతకం పెట్టలేదు. వాడి మీద ఒత్తిడి ఉంది. ఇంటి అప్పు ఉంది. నేను "పెట్టకు" అని తేలికగా అనగలను. నా పింఛను ఎవరూ ఆపరు. ఆ సంగతి తెలిసే చెబుతున్నాను: పెట్టకు నాయనా. ఫిర్యాదు చేయవలసినవాడు ఊపిరాడక పడి ఉన్నప్పుడు ఫిర్యాదు రాకపోవడం ఋజువు కాదు. కారణం తెలిసిందనీ, మందు ఉన్నదనీ, పాత పరికరాలకు అది ఇంకా అందలేదనీ వ్రాసి, ఆ కాగితం మీద సంతకం పెట్టు. రెండు సంతకాలకూ సిరా ఒకటే.

పెళ్ళిలో పెద్దమనిషికి నా జవాబు ఇది. అయ్యా, కెర్నెల్ లోపలి గొడవలు నాకెందుకంటే, ఏదో ఒకరాత్రి ఆ వ్రేలిబిళ్ళ నా వ్రేలికే తగిలిస్తారు. అప్పటికి నా వ్రేలు చల్లబడి ఉంటుంది. తెరమీద తొంభై ఏడు అని కనబడుతుంది. అది ఏ క్షణపు అంకెయో అడిగే ఓపిక నాకుండదు. అందుకని ఇప్పుడే అడుగుతున్నాను.

సెలవు.